గిత్తలో మిగిలిన మంచుయుగం

సంక్రాంతికి గుడివాడలో బండలాగుడు పోటీలంటే చుట్టుపక్కల మొవ్వ, కూచిపూడి, దివిసీమల్లో అదే మాట. టన్నుల బరువున్న బండను ఈడ్చే ఆ ఒంగోలు గిత్తల వంశం, వాటి గిట్టల కిందున్న నేలకంటే పాతది. 20 వేల ఏళ్ల కిందట మంచుయుగం ముదిరినప్పుడు సముద్రమట్టం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు తక్కువ. మంచు కరిగి, కడలి పైకొచ్చి నిలకడపడ్డాక, గత ఆరేడు వేల ఏళ్లలో కృష్ణమ్మ పోసిన ఒండ్రే ఈ డెల్టా.

అంతకు ముందునుంచే మన దేశంలో ఓ అడవి ఎద్దు తిరిగేది. నర్మద లోయ శిలాజాల ఆధారంగా శిలాజ శాస్త్రవేత్త హ్యూ ఫాల్కనర్ దానికి బాస్ నమాడికస్ అని పేరుపెట్టాడు. యూరప్ అడవి ఎద్దు అరోక్స్‌కు ఇది దాయాది. ఇప్పుడు అడవుల్లో రెండూ లేవు. యూరప్‌లో చివరి అరోక్స్ ఆవు 1627లో పోలండ్‌లోని యాక్టోరూఫ్ అడవిలో చనిపోయింది.

1920లలో జర్మనీలో లుట్జ్, హైంజ్ హెక్ సోదరులు అరోక్స్‌ను మళ్లీ పుట్టించబోయారు. పాత పోలికలున్న ఊరి పశువులను జతకట్టించి, నచ్చిన దూడలను ఏరుకుంటూ పోయారు. కొంత రూపం వచ్చింది గానీ అరోక్స్ రాలేదు. నెదర్లాండ్స్‌లో 2008లో మొదలైన టారోస్ పథకానిదీ అదే బాట.

మన ఎద్దు కథ వేరు. దాదాపు 8 వేల ఏళ్ల కిందట సింధులోయ అంచున, మెహర్‌గఢ్ ప్రాంతంలో అది మనిషికి మచ్చికైంది. మూపురమున్న మన పశువులు ఆ సంతతే. పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో 1957లో పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ బూడిద దిబ్బను తవ్వితే, 4 వేల ఏళ్లకు పైబడిన పశువుల దొడ్డి, బూడిదలో గిట్టల అచ్చులు బయటపడ్డాయి. నెల్లూరు పేరుతో ఓడెక్కిన ఒంగోలు జాతి, బ్రెజిల్‌లో ‘నెలోర్’గా ఆ దేశపు మాంసం పరిశ్రమకు వెన్నెముకైంది.

పుట్టింట్లోనేమో దుక్కి ట్రాక్టర్‌కు, పాడి గేదెకు పోయాయి. గుంటూరు దగ్గర లాం ఫారంలో పిండమార్పిడితో ఒంగోలు దూడలను పుట్టిస్తున్నారు. తెగిపోయిన వంశం నుంచి పోలికలే దక్కుతాయని హెక్ సోదరుల ప్రయోగం తేల్చింది. మనకింకా వంశమే చేతిలో ఉంది. పందెం గిత్తకు లక్షలు పలుకుతున్నాయి. ఆ గిత్తను ఈనే ఆవును మేపే రైతుకు కూడా గిట్టుబాటైతేనే ఈ జాతి నిలుస్తుంది.