గుగ్గిళ్ల పొట్లము

1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా యేర్పడువఱకు పలమనేరు ఉత్తర ఆర్కాటులోను, మదనపల్లె కడప జిల్లాలోను ఉండెను. పుంగనూరు, కుప్పము ప్రాంతములు జమీందారుల యేలుబడిలో నుండెను. కచ్చేరీలు వేఱైనను, నవరాత్రుల సాయంకాలమున బొమ్మలకొలువు పేరంటమునకు వచ్చిన తల్లుల కొంగు పట్టుకొని నిలిచిన పిల్లల చేతులలో పడెడి గుగ్గిళ్లకు మాత్రము ఎల్లలు లేవు. కోస్తాలో పలుచోట్ల బొమ్మలకొలువు సంక్రాంతి వేడుక. తమిళ కన్నడ సీమలు రెండును ఒరసికొను ఈ మెట్టనేలలో అది దసరా వేడుక.

ఆ గుగ్గిళ్లను తొలుత మోసినది ఆకుదొన్నె. పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున యంత్రములు కొయ్యగుజ్జుతో కాగితము చేయనేర్చి దాని వెల తగ్గింపగా, చదివిన పత్రికలును, తీరిన చిట్టాపుస్తకములును అంగడికి చేరి పొట్లములైనవి. అంగడి పొట్లము అవసరమునకు పుట్టినది; పండుగ పొట్లము ముచ్చటకు పుట్టినది.

చతురస్రముగా కత్తిరించిన కాగితపు మూలను బొటనవ్రేలితో అదిమిపట్టి, ఎదుటి మూలను చుట్టు త్రిప్పి, మొనను మెలిపెట్టి, మైదా జిగురు రాచి, పైన గాలిపటముల రంగుకాగితమును, అంచున కత్తెరతో పండ్లు దీర్చిన తళుకుకాగితమును అంటించుట పెద్దలకు నిమిషపు పని. ఆఱేండ్ల పిల్లకు అది యొక పూట. మొన వదులైనచో బొరుగులు నిలుచును గాని పుట్నాలు ఒక్కొక్కటే జాఱిపోవును. అది చూచి విప్పి మరల చుట్టుకొనుటలోనే చేతికి పని పట్టుబడును. కావున తల్లి ప్రక్కన గూర్చుండియు బిడ్డచేతి కాగితమును లాగికొనరాదని నా దృఢవిశ్వాసము.

వీధిబడుల కాలమున దసరాకు అయ్యవారు పిల్లలను వెంటబెట్టుకొని, రంగుకాగితములు చుట్టిన విల్లంబులతో ఇల్లిల్లు తిరుగగా, ఆయనకు కట్నమును, పిల్లలకు పప్పుబెల్లములును లభించెడివి. ఆర్కాటు మిషనువారు 1863లో మదనపల్లెలో స్థానమేర్పఱచుకొనిన పిదప ఈ సీమ పిల్లల పండుగలలో క్రిస్మసును చేరినది; ఆ కాలపు ఐరోపా, అమెరికా గృహములలో క్రిస్మసు చెట్టుకొమ్మలకు మిఠాయి పొట్లములు వ్రేలాడగట్టుట వాడుక.

జర్మనీలోని సాక్సనీ, తురింగియా సీమలలో పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమునుండి, తొలిసారి బడికి పోవు బిడ్డకు మిఠాయిలు నింపిన పెద్ద కాగితపు పొట్లమును ఇచ్చు ఆచారము కలదు. అక్కడ బిడ్డ పుచ్చుకొనును. మన అక్షరాభ్యాసమున బిడ్డయే తోటిపిల్లలకు పలకలు, బలపములు, పప్పుబెల్లములు పంచును. ఈ భేదము నాకు మిక్కిలి ప్రియమైనది. ముందునాటి రాత్రి ఇంటిల్లిపాదియు కూర్చుండి పొట్లములు చుట్టుచుండగా, అంకెలింకను నేర్వని ఆ బిడ్డ వానిని వెదురుగంపలో వరుసగా నిలిపి, తనకు తోచినట్లు లెక్కించుచుండును.