ఉచిత సాఫ్ట్‌వేర్‌కు సొంత లేబుల్: ఏది న్యాయం, ఏది మోసం

ఆస్ట్రేలియాలో చదువుకుంటున్న మన పిల్లల్లో చాలామందికి మూడుల్ తెలుసు. పాఠాలు, అసైన్‌మెంట్లు, క్విజ్‌లు పెట్టుకునే ఈ సాఫ్ట్‌వేర్ పుట్టిల్లు పెర్త్. మార్టిన్ డూగియామస్ 2002లో తొలి వెర్షన్ విడుదల చేశారు. జీపీఎల్ లైసెన్స్ కింద ఉంది కాబట్టి ఎవరైనా ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు.

ఉచితం కదా అని దీన్నే పేరు మార్చి ‘మేం తయారుచేశాం’ అని అమ్మేవారూ ఉన్నారు. మా వీకెండ్ తెలుగు బడికి కొటేషన్లు తెప్పించినప్పుడు ఒక సంస్థ ఇలాగే వచ్చింది. లోగో, రంగులు తప్ప డెమోలో ఉన్నదంతా మూడులే. పైగా ఏటా లైసెన్స్ ఫీజు! బడి డబ్బంటే తల్లిదండ్రుల చందాలే. అందుకే రూల్స్ చదివాను. మీకూ పనికొస్తాయని రాస్తున్నాను.

అమ్మడం తప్పు కాదు: జీపీఎల్ సాఫ్ట్‌వేర్‌ను మార్చుకోవచ్చు, కొత్త పేరు పెట్టుకోవచ్చు, అమ్ముకోవచ్చు. ఇన్‌స్టాల్ చేసి, సర్వర్ చూసుకుని, టీచర్లకు నేర్పినందుకు డబ్బు తీసుకోవడం న్యాయమే. ‘మూడుల్’ ట్రేడ్‌మార్క్ కాబట్టి, ఆ పేరుతో వ్యాపారం చేయాలంటేనే అనుమతి కావాలి.

దాచడం తప్పు: సాఫ్ట్‌వేర్ కాపీ ఇచ్చేటప్పుడు అసలు రచయితల కాపీరైట్ నోటీసులు తీసేయకూడదు. లైసెన్స్ ప్రతి, సోర్స్ కోడ్ కొన్నవారికి అందాలి. తమ సర్వర్‌పైనే నడిపేవారు సోర్స్ కోడ్ ఇవ్వాలని జీపీఎల్‌లో లేదు. అయినా ‘మొత్తం మేమే రాశాం’ అని నమ్మించి అమ్మితే, కొనేవారిని తప్పుదోవ పట్టించే వ్యాపారాన్ని నిషేధించే ఆస్ట్రేలియా వినియోగదారుల చట్టం 18వ సెక్షన్ అడ్డొస్తుంది. ఇక్కడి 1968 కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను సాహిత్య రచనగానే చూస్తుంది. రచయితగా పేరు చెప్పించుకునే హక్కూ అందులో ఉంది.

ఈ హద్దు దాటితే ఏమవుతుందో చదరంగం ఆడేవారికి తెలుసు. జర్మనీకి చెందిన చెస్‌బేస్ 2021లో ‘ఫ్యాట్ ఫ్రిట్జ్ 2’ను అమ్మకానికి పెట్టింది. దాని లోపలున్నది ప్రధానంగా ఉచిత ఇంజిన్ స్టాక్‌ఫిష్. స్టాక్‌ఫిష్ రచయితలు జీపీఎల్ ఉల్లంఘన అని కోర్టుకెళ్లారు. 2022 నవంబరులో రాజీ కుదిరింది. స్టాక్‌ఫిష్ ఉన్న ఉత్పత్తుల అమ్మకం ఆపడానికి, లైసెన్స్ నిబంధనలు చూసుకునే అధికారిని పెట్టుకోవడానికి చెస్‌బేస్ ఒప్పుకుంది.

బడి, గుడి, సంఘం దేనికి సాఫ్ట్‌వేర్ కొంటున్నా ఇవి అడగండి:

1. ఇది దేని మీద కట్టినది? లైసెన్స్ ఏది?
2. ఇందులో మీరు రాసిన భాగం ఏది?
3. ఫీజు కోడ్‌కా, మీ సేవకా?
4. మీతో ఒప్పందం ముగిస్తే మా డేటా మాకు ఎలా ఇస్తారు?

ఉద్యోగాల వేటలో ఉన్న మన పిల్లలకూ ఒక మాట. ‘లెర్నింగ్ సిస్టమ్ తయారుచేశాను’ అని రెజ్యూమెలో రాసుకుంటే ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు. ‘మూడుల్‌కు హాజరు ప్లగిన్ రాశాను’ అని రాయండి. అది చిన్నదే అయినా, ప్రతి లైనూ వివరించగలరు.