దడకూ ఒక చరిత్ర ఉంది

భయాన్ని చెప్పడానికి మన తెలుగులో ఉన్నన్ని మాటలు తీరిగ్గా కూర్చుని లెక్కపెడితే ఆశ్చర్యం వేస్తుంది. బెదురు, జంకు, జడుపు, హడలు, గుబులు, బెంగ, దిగులు, ఆదుర్దా, కంగారు, దడ. ఇవన్నీ ఒకటి కావు. పరీక్షకు పోయే పిల్లవాడిది కంగారు. కొడుకు దూరదేశం పోతే తల్లికి పట్టుకునేది బెంగ. చీకట్లో దేన్నో చూసి ఉలిక్కిపడి ఒళ్లు కాలితే అది జడుపు జ్వరం. 2019 దాకా వేలూరు జిల్లాలోనూ ఇప్పుడు తిరుపత్తూరు జిల్లాలోనూ ఉన్న మా నాట్రంపల్లి చుట్టుపక్కల తెలుగిళ్లల్లో ఈ మాటలు ఇంకా బతికే ఉన్నాయి. బడిలో నేర్చుకున్నవి కావు గనుక బడి పోయినా మిగిలాయి.

అయితే మనకొక చిక్కుంది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, డాక్టరు దగ్గర సగం తమిళం సగం ఇంగ్లీషు. లోపలి బాధను చెప్పే మాట ఇంటి గడప దాటి రాదు. డాక్టరు ఎదుట కూర్చునేసరికి "నెంజు పడపడప్పు" అన్న ఒక్క ముక్క మిగులుతుంది. వెంటనే గుండె పరీక్షకు చీటీ రాస్తారు. గుండె బాగానే ఉంటుంది. మనిషి మాత్రం బాగుండడు. ఈ గుండె దడ వైద్యశాస్త్రంలోకి ఎలా వచ్చింది, మామూలు ఆందోళన నుంచి దాన్ని ఎవరు, ఎప్పుడు వేరుచేశారు అన్నది కొంత చెబుదామని ఈ వ్యాసం.

సాహిత్య పత్రిక గనుక మన అలంకార శాస్త్రంతోనే మొదలుపెడతాను. భరతుడు భయానక రసానికి భయాన్ని స్థాయిభావంగా చెప్పాడు. సాత్త్విక భావాలు ఎనిమిదింటినీ వరసగా చదవండి: స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం. అంటే కొయ్యబారడం, చెమట, గగుర్పాటు, గొంతు మారడం, వణుకు, ముఖం పాలిపోవడం, కన్నీరు, స్పృహ తప్పడం. ఇవి భయానికి ఒక్కదానికే చెప్పినవి కావు, నిజమే. కాని ఈనాటి మానసిక వైద్యుడు పానిక్ లక్షణాల పట్టికలో రాసుకునేవాటిలో కొన్ని ఇందులో ఉన్నాయి. ఇంకా ముచ్చటైన సంగతి ముప్పయిమూడు వ్యభిచారి భావాల్లో ఉంది. అక్కడ శంక, చింత వేరు, త్రాసం వేరు. పదహారో శతాబ్దంలో రూపగోస్వామి భక్తిరసామృతసింధువులో త్రాసానికీ భయానికీ మధ్య గీత గీశాడు. ఉన్నట్టుండి ఒంటినీ మనసునూ వణికించేది త్రాసం. వెనకా ముందూ ఆలోచించగా పుట్టేది భయం. రోగాల గురించి కాదు, రసాల గురించి రాస్తూ అన్నమాట అది. అయినా గీత సరిగ్గా అక్కడే పడింది. పడమటి వైద్యులు ఆ గీతను గీయడానికి 1980 దాకా పట్టింది.

వాళ్ల పానిక్ అన్న మాట గ్రీకుల పాన్ అనే దేవుడి పేరు మీద వచ్చింది. మేకకాళ్ల అడవి దేవుడు. ఏ కారణమూ కనబడకుండా మందల్ని, సైన్యాల్ని హడలగొట్టి చెదరగొడతాడని నమ్మేవారు. మన పల్లెల్లో "గాలి సోకింది" అనడానికీ దీనికీ పెద్ద దూరం లేదు.

జబ్బుగా దీని చరిత్రలో 1871 ఒక గుర్తుపెట్టుకోదగ్గ సంవత్సరం. ఆ ఏడు అమెరికాలో డా కోస్టా అనే వైద్యుడు అంతర్యుద్ధ సైనికుల గురించి ఒక వ్యాసం ప్రకటించాడు. గుండె దడ, రొమ్ములో నొప్పి, ఆయాసం అంటూ ఆసుపత్రికి వచ్చినవాళ్లు. పరీక్షిస్తే గుండెలో లోపం దొరకలేదు. ఆయన దాన్ని చిరాకుపడే గుండె అన్నాడు. మొదటి ప్రపంచయుద్ధంలో అదే బాధ సైనికుని గుండె అయింది. అదే 1871లో బెర్లిన్‌లో వెస్ట్‌ఫాల్ అనే వైద్యుడు బహిరంగ స్థలాలు దాటలేని మనుషుల గురించి రాసి ఆగొరఫోబియా అని పేరు పెట్టాడు. ఆగొర అంటే గ్రీకులో సంతబయలు. సంతభయం అంటే మనకు ఇంకా బాగా తెలిసేది, ఎవరూ అనలేదు.

ఆ సంవత్సరమే మద్రాసులో కీల్పాక్కం పిచ్చాసుపత్రి తెరిచారు. విశాఖపట్నం మానసిక వైద్యశాల కూడా 1871 నాటిదే. ఇది కాకతాళీయమే, ఇందులో రహస్యమేమీ లేదు. కాని ఒకటి గమనించాలి. ఆ గోడల మధ్యకు తీసుకుపోయింది వీధుల్లో తిరిగేవాళ్లను, కొట్టేవాళ్లను, మాట తప్పినవాళ్లను. పొలం పని చేసుకుంటూ, పిల్లల్ని పెంచుకుంటూ, రాత్రి పన్నెండింటికి లేచి కూర్చుని "చచ్చిపోతున్నాను" అనే మనిషికి అక్కడ చోటు లేదు. అతడు పిచ్చివాడు కాడు. గుండె జబ్బువాడూ కాడు. మరి ఎక్కడికి పోవాలి?

మన ప్రాంతంలో అతడు షోళింగర్ పోయేవాడు. ఘటికాచలం కొండ కింద తక్కాన్ కొలనులో మునిగి, నరసింహస్వామినీ ఎదుటి చిన్నకొండ మీది ఆంజనేయస్వామినీ చూసి వస్తే మనసు కుదుటపడుతుందని ఇప్పటికీ వెళతారు. నేను దీన్ని వెక్కిరించను. ఘటిక అంటే 24 నిమిషాలు. ఆ కొండ మీద ఒక్క ఘటిక గడిపినా చాలునని పెద్దలంటారు. పానిక్ దాడి మామూలుగా పది నిమిషాల్లో శిఖరానికి చేరి, అరగంట లోపు దానంతట అదే దిగిపోతుంది. ఈ రెంటికీ ముడి వేయడం నా ఉద్దేశం కాదు, లెక్క మాత్రం తమాషాగా కుదిరింది.

మా బంధువుల్లో ఒకాయన సంగతి చెబుతాను. నలభై దాటని మనిషి. వేలూరు పోతూ బస్సు ఆంబూరు దాటాక గుండె కొట్టుకోవడం మొదలైంది. చెమట, చేతులు తిమ్మిరి, ఊపిరి ఆడదు. బస్సు ఆపించి దిగారు. దగ్గర్లోని ఆసుపత్రిలో ఇ.సి.జి. తీసి "ఏమీ లేదు, గ్యాస్" అని పంపారు. మూడు నెలల్లో నాలుగుసార్లు ఇదే తంతు, నాలుగుసార్లూ అదే మాట. "ఏమీ లేదు" అన్నది ఊరట కావాలి గదా, ఆయనకు అది నింద అయింది. తర్వాత వేలూరు బస్సు ఎక్కడం మానారు. తర్వాత వాణియంబాడి సంత మానారు. చివరికి మా అక్క తోడు లేకుండా వీధి చివరి టీ కొట్టుకు కూడా పోలేదు. దాడులు అప్పటికి తగ్గాయి. మళ్లీ వస్తుందేమోనన్న బెంగ మాత్రం ఇల్లంతా ఆక్రమించింది.

ఈ రెండో భయాన్ని మొదటిదాని నుంచి విడదీసిన కథ న్యూయార్కులో జరిగింది. 1959 ప్రాంతంలో హిల్‌సైడ్ ఆసుపత్రిలో డొనాల్డ్ క్లైన్ అనే వైద్యుడు ఇమిప్రమిన్ అనే కొత్త మందును ఇలాంటి రోగులకు ఇచ్చి చూశాడు. కొన్ని వారాలు గడిచాయి. రోగిని అడిగితే గుణం లేదన్నాడు. వైద్యుడికీ గుణం కనబడలేదు. చూసింది నర్సులు. రోజుకు మూడు నాలుగుసార్లు "చచ్చిపోతున్నా" అంటూ తమ దగ్గరికి పరుగెత్తుకొచ్చే మనిషి ఇప్పుడు రావడం లేదని చెప్పింది వాళ్లే. అంటే దాడి ఆగింది; దాడి గురించిన బెంగ ఆగలేదు. త్రాసం పోయి శంక మిగిలింది. క్లైన్ 1964లో దీన్ని ప్రకటించాడు. 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన వర్గీకరణ మూడో కూర్పులో పానిక్ రుగ్మతను, ఎడతెగని సాధారణ ఆందోళన రుగ్మతను వేరువేరు పేర్లతో చేర్చింది. అంతకు ముందు, 1895లో ఫ్రాయిడ్ నరాల నీరసం నుంచి వేరుచేసి ఆందోళనకు సొంత పేరు పెట్టాడు గాని, ఈ రెంటినీ ఒకే మూటలో కట్టాడు.

మామూలు ఆందోళనకు కారణం కనబడుతుంది, కొలత ఉంటుంది, ముగింపు ఉంటుంది. పెళ్లి అయ్యేదాకా పిల్ల తండ్రికి నిద్ర పట్టదు, పెళ్లయ్యాక పడుతుంది. అది రోగం కాదు, అది లేని తండ్రిని నమ్మకూడదు కూడా. పెళ్లయ్యాక అప్పు, అప్పు తీరాక పంట, పంట వచ్చాక ఒంట్లో లేని జబ్బు, ఇలా ఆపుకోలేని బెంగ ఆరు నెలలకు తక్కువ కాకుండా సాగి, నిద్రనూ పనినీ చెడగొడితే అది సాధారణ ఆందోళన రుగ్మత. పానిక్ దాడి ఒకటీ అరా వచ్చినంత మాత్రాన అది కూడా రుగ్మత కాదు. చెప్పాపెట్టకుండా పదేపదే వచ్చి, ఆ తర్వాత నెలరోజులైనా మళ్లీ వస్తుందన్న భయం వెంటాడి, మనిషి నడవడికే మారిపోతే అప్పుడు రుగ్మత అంటారు. దాడి సమయంలో ఒళ్లు చేసేది దొంగతనం కాదు. పులి ఎదురైతే పారిపోవడానికో కలబడడానికో ఒళ్లు సిద్ధపడే పనిని వాల్టర్ కానన్ 1915లోనే వివరించాడు. ఇక్కడ పులి లేదు, అంతే. 1986లో ఇంగ్లండులో డేవిడ్ క్లార్క్ ఇంకొకటి చూపాడు. దడ రాగానే "ఇది గుండెపోటు" అని మనసు అర్థం చెప్పుకుంటుంది, ఆ అర్థం దడను ఇంకా పెంచుతుంది. ఆ అర్థాన్ని సరిచేయడమే మాటల వైద్యంలో అసలు పని.

అందుకని మొదటిసారి రొమ్ములో నొప్పి వస్తే పానిక్ అని సొంతంగా తీర్మానించి ఇంట్లో కూర్చోమని కాదు నేననేది. గుండె, థైరాయిడ్ చూపించుకోవాల్సిందే.

ఇక మన వేలూరు. క్రైస్తవ వైద్య కళాశాల వారి మానసిక ఆరోగ్య కేంద్రం 1957లో బాగాయంలో మొదలైంది. కెనడా నుంచి వచ్చిన ఫ్లారెన్స్ నికల్స్ అనే వైద్యురాలి పూనిక అది. అమృత్‌సర్‌లో విద్యాసాగర్ అనే వైద్యుడు రోగుల బంధువులను ఆసుపత్రి ఆవరణలోనే గుడారాల్లో ఉంచిన కాలమది. బాగాయంలోనూ రోగి వెంట ఇంటి మనిషి ఉండడం పద్ధతి అయింది. కీల్పాక్కం గోడలతో పోలిస్తే ఇది చాలా పెద్ద మార్పు, దీనికి రావలసినంత పేరు రాలేదని నా అభిప్రాయం. ఆ కళాశాల వైద్యులే వేలూరులో ప్రాథమిక వైద్యానికి వచ్చిన రోగులను పరిశీలించి 2003లో ప్రకటించిన దాని ప్రకారం వాళ్లలో దాదాపు మూడో వంతు మందికి దిగులు, ఆందోళన వంటి మానసిక బాధలున్నాయి. వాళ్లు వచ్చింది ఒంటి నొప్పులని, నీరసమని. దేశం మొత్తం మీద 2017లో ఆందోళన రుగ్మతలున్నవాళ్లు 4 కోట్ల 49 లక్షల మంది అని ఒక అంచనా.

వైద్యం లేక కాదు, పిచ్చి అన్న మాటకు జడిసి పోరు. మా బంధువూ అంతే. రెండేళ్లు తాయెత్తులు కట్టించుకుని, చివరకు వేలూరులో ఒక మానసిక వైద్యుడి దగ్గరికి పోయారు. ఆయన మందు రాసి, ఇది పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందని ముందే చెప్పారట. నిద్రమాత్రల జాతి మందులు అలవాటవుతాయి గనుక ఎక్కువ రోజులు వద్దన్నారట. తర్వాత మెట్లు మెట్లుగా పని: మొదటి వారం ఒంటరిగా టీ కొట్టు దాకా, రెండో వారం బస్సెక్కి ఒక స్టాపు, ఆపైన వాణియంబాడి. దడ వస్తే దిగకూడదు, అది దిగేదాకా కూర్చోవాలి. ఇప్పుడు ఒంటరిగా వేలూరు పోయి వస్తున్నారు. కిటికీ పక్క సీటు కోసం మాత్రం ఇంకా రెండు బస్సులు వదిలేస్తారు.

ఆ వైద్యుడు చిత్తూరు వైపు మనిషి కావడం వల్ల ఆయన తెలుగులోనే అడిగారట, "దడా, గుబులా, బెంగా?" అని. మా వాడు మూడూ వేరని చెప్పి, ఏది ఎప్పుడొస్తుందో గంటసేపు వివరించారు. తమిళంలో రెండేళ్లుగా ఒక్క మాటతో సరిపెట్టిన మనిషి. 2022 అక్టోబరు నుంచి 14416 నంబరుకు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక సలహా ఉచితంగా దొరుకుతోంది. భాషను మనమే ఎంచుకోవచ్చు, అందులో తెలుగూ ఉంది. గుడియాత్తం, ఆంబూరు, కృష్ణగిరి వైపు ఇళ్లల్లో ఇంకా ఏయే మాటలు వాడుతున్నారో పాఠకులు రాసి పంపితే పత్రికకు అందజేస్తాను. జడుపుకు మా ఊళ్లోనే మూడు అర్థాలు దొరికాయి.