గ్రంథసూచిలో చరిత్ర: ఆకరాన్వేషణ – వర్గీకరణ పరిమితులు

చరిత్ర పరిశోధకుడు మొదట ఆశ్రయించేది గ్రంథాలయ సూచికను. అది కేవలం పుస్తకాల జాబితా కాదు. ఏ గ్రంథం ఏ శాస్త్రానికి చెందుతుందో ముందుగానే నిర్ణయించిన వ్యవస్థ. తెలుగువారి సాంఘిక చరిత్ర విషయంలో ఈ నిర్ణయం పరిశోధన ఫలితాన్నే మార్చగలదు.

డ్యూయీ దశాంశ వర్గీకరణలో భారతదేశ చరిత్ర సంఖ్య 954. తెలుగు సాహిత్యం సంఖ్య 894.827. సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ (1949) మొదటి సంఖ్య కింద చేరదగినది. ఆ రచనకు ఆధారమైన క్రీడాభిరామం, శుకసప్తతి, హంసవింశతి మాత్రం రెండవదాని కిందికి వస్తాయి. అంటే చరిత్ర ఒక అరలో, దాని ఆకరాలు మరొక అరలో ఉంటాయి. 1838లో అచ్చయిన ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’ యాత్రారచన కనుక 915.4 కింద చేరే అవకాశముంది.

శీర్షికాపదంతో వెదికినా చిక్కు తీరదు. ‘చరిత్ర’ అన్న పదానికి మనుచరిత్రము వంటి ప్రబంధం దొరుకుతుంది. కాకతీయుల ఓరుగల్లు జనజీవనాన్ని చిత్రించిన క్రీడాభిరామం దొరకదు. పైగా చరిత్ర, చరిత్రము, చారిత్రము అనే రూపభేదాలను యంత్రసూచిక వేర్వేరు పదాలుగా గ్రహించవచ్చు.

రంగనాథన్ ద్విబిందు వర్గీకరణ (1933) కూడా సాహిత్యాన్ని, చరిత్రను వేర్వేరు ప్రధాన వర్గాలుగానే నిలిపింది. గ్రంథంలోని ఒక భాగం వేరొక విషయానికి చెందినప్పుడు దానిని ఆ విషయం కింద చూపే సంలేఖానికి ఆయన సూచీకరణ నియమావళి (1934) చోటిచ్చింది. అయితే కావ్యమంతటా పరచుకొన్న సాంఘిక సమాచారాన్ని అటువంటి సంలేఖంలో ఇమడ్చడం కష్టం.

కాబట్టి అన్వేషణ విషయశీర్షికతో ఆగరాదు. ప్రామాణికమైన ఒక గ్రంథాన్ని గుర్తించి, అది ఉదాహరించిన రచనలను ఒక్కొక్కటిగా సూచికలో వెదకడం మొదటి మార్గం. 1867 నాటి ముద్రణాలయాలు, పుస్తకాల నమోదు చట్టం ప్రకారం రాజపత్రాల్లో వెలువడిన త్రైమాసిక జాబితాలను పరిశీలించడం రెండవది. గ్రంథనామం, భాష, విషయాలతోపాటు ప్రతుల సంఖ్య, వెల కూడా నమోదు కావాలని ఆ చట్టం విధించింది. అందువల్ల ఈ జాబితాలు పుస్తకాల ఉనికినే కాక, నాటి పఠనవ్యాప్తిని అంచనా వేయడానికీ తోడ్పడతాయి.

‘ఆకరాలు లభ్యం కాలేదు’ అనే వాక్యం పరిశోధన గ్రంథాల్లో తరచుగా కనిపిస్తుంది. ఏ సూచికలో, ఏ సంఖ్యల కింద, ఏ పదరూపాలతో వెదికినదీ తెలిపినప్పుడే ఆ వాక్యానికి ప్రామాణ్యం సిద్ధిస్తుంది. లేనిపక్షంలో వర్గీకరణలోని ఎడం చరిత్రలోని శూన్యంగా స్థిరపడే ప్రమాదముంది.