ప్రశస్తిలో లేని పేర్లు: హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు

తెలుగు ఎం.ఏ. చదివిన ప్రతివాడూ మా కడప జిల్లా కలమళ్ల శాసనం పేరు ఎరుగును. క్రీ.శ. 575 ప్రాంతానిదైన ఆ రాతి మీద ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి పేరుంది. ఆ రాయిని కొండనుంచి తెచ్చినవాడి పేరు లేదు. శాసనంలో ఉన్నదాన్ని ఎంత శ్రద్ధగా చదువుతామో లేనిదాన్నీ అంతే శ్రద్ధగా చదవాలి. ఆటల సంఘాల గోడలకు వేలాడే విజయాల పట్టికలు కూడా ఒక రకం ప్రశస్తులే. అలాంటి ఒక పట్టికను ఇక్కడ పరిశీలించదలిచాను.

హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు బొంబాయి రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు గెలిచింది. 1891లో మొదలైన ఆ పోటీలో మరే జట్టూ ఆ పని చేయలేదు. మళ్లీ 1957లోను, ఆంధ్రప్రదేశ్ పోలీస్ అని పేరు మారాక 1960లోను, 1963లోను గెలిచింది. 1962లో ఈస్ట్ బెంగాల్‌తో పంచుకుంది. డ్యూరాండ్ కప్పు 1950, 1954, 1957, 1961లలో వచ్చింది. ఇదీ ప్రశస్తి. కలకత్తా వాళ్లు తమ క్లబ్బుల గురించి రాసుకున్నదానితో పోలిస్తే తెలుగులో దీని మీద వచ్చింది బహు స్వల్పం.

ఈ జట్టు పేరులోనే మొదటి ప్రశ్న ఉంది. పోలీసు జట్టు ఎందుకైంది? ఇంగ్లండు ఉత్తరాది గనుల్లో, మిల్లుల్లో పనిచేసే రగ్బీ ఆటగాళ్లు శనివారం ఆటకోసం పని మానుకుంటే కూలి పోయేది. పోయిన కూలి ఇప్పించాలని వాళ్ల క్లబ్బులు అడిగితే, ఆట డబ్బుకోసం కాదని పెద్దమనుషులు నిరాకరించారు. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని ఒక హోటల్లో ఆ క్లబ్బులు చీలి వేరు సంఘం పెట్టుకున్నాయి. ఇవాళ రగ్బీ లీగ్ అంటున్న వృత్తి క్రీడకు మూలం కూలి తగాదాయే. మన దేశంలో ఆ తగాదా బాహాటంగా రాలేదు. దానికి మారుగా కొలువు వచ్చింది. కాగితం మీద ఆటగాడు ఔత్సాహికుడు, జీతం మాత్రం కానిస్టేబుల్‌ది. పేద ఇంటి కుర్రవాడికి కాలిసత్తువే అర్హతగా నెలజీతం ఇచ్చే చోటు అది. పట్టికలో కప్పు పేరు ఉంటుంది గానీ ఆ జీతం ఎంతో ఉండదు.

అభ్యుదయ రచయితలు పోలీసు జట్టును పొగడవచ్చునా అని కొందరు మిత్రులు అడగవచ్చు. అడగాల్సిందే. ఆ జట్టు బొంబాయిలో మొదటి కప్పు అందుకున్న 1950 నాటికి తెలంగాణ పల్లెల్లో రైతాంగ పోరాటం ఆరలేదు. 1951 అక్టోబరులో గాని విరమణ జరగలేదు. ఖాకీ బట్టకు పల్లెలో ఉన్న అర్థం వేరు, మైదానంలో ఉన్న అర్థం వేరు. అయితే మరొకటి కూడా చూడాలి. 1948 సెప్టెంబరు సైనిక చర్య తర్వాత హైదరాబాదులో చాలామంది ముస్లిం ఉద్యోగుల కొలువులు పోయాయి, కుటుంబాలు చితికిపోయాయి. రెండేళ్లు తిరక్కముందే నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ వంటి పేర్లు ఈ జట్టులో కప్పులు మోశాయి. ఆ ఇద్దరూ 1952, 1956 ఒలింపిక్ జట్లలో ఆడారు. దీన్ని కాకతాళీయంగా కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. అధికారం పోయిన ఒక సమాజంలోని కిందివర్గం, మిగిలిన ఒకే ఒక ద్వారం గుండా దేశం ముందుకు నడిచివచ్చిందని నా అంచనా.

ఆ ద్వారం దగ్గర నిలబడినవారు సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తిచేత బడిపంతులు. ఉస్మానియా పట్టభద్రులు. కాచిగూడ మిడిల్ స్కూల్లో, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూళ్లలో పనిచేశారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు. ఆయన పద్ధతి చూస్తే పంతులు ఎక్కడా దాగడు. వాటంలేని కాలితో మాత్రమే ఆడాలని ఒక పోటీ, బంతిని వెంట తిప్పుకుంటూ పోకుండా వెంటనే తోటివాడికి అందించాలని ఇంకో పోటీ పెట్టేవారు. వ్యక్తి గారడీని తగ్గించి అందరి కాళ్లనూ ఒక వాక్యంగా కూర్చడం ఆయన సాధించినది. (ఛందస్సు చెప్పేవాళ్లకు గణవిభజన నేర్పిన తర్వాతే పద్యం వస్తుందన్న సంగతి తెలుసు గదా!) 1952 హెల్సింకీలో మనవాళ్లు చాలామంది చలిలో వట్టికాళ్లతో ఆడి యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడారు. నాలుగేళ్లకు మెల్బోర్న్‌లో అదే గురువు చేతికింది జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది.

ఆ మెల్బోర్న్ సెమీఫైనల్ జరిగింది 1956 డిసెంబరు 4న. ఆంధ్రప్రదేశ్ పుట్టి అప్పటికి నెల దాటింది, అంతే. అంతకుముందు మూడేళ్లు, 1953 అక్టోబరు 1 నుంచి, రాజధాని మా కర్నూలు. డేరాల్లో కచేరీలు నడిచిన ఆ రోజుల్లో రోవర్స్ విజేత మనకు పొరుగురాష్ట్రపు జట్టు. తుంగభద్ర దాటితే చాలు, ఆ చరిత్ర అవతలిది. 1956-57, 1957-58 సంతోష్ ట్రోఫీలు కూడా హైదరాబాద్ పేరుతోనే నమోదయ్యాయి. 1965-66లో గాని ఆంధ్రప్రదేశ్ పేరు ఎక్కలేదు. 2014 జూన్ 2 తర్వాత మళ్లీ పంపకం. సచివాలయ కుర్చీలనూ ఫైళ్లనూ పంచుకున్నారు. మరి 1961లో ఆంధ్రప్రదేశ్ పోలీస్ పేరుతో వచ్చిన డ్యూరాండ్ కప్పు ఎవరి వాటా? సాహిత్య చరిత్రల్లో కవులను జిల్లాలవారీగా పంచుకునే అలవాటున్న మనకు ఈ ప్రశ్న కొత్త కాదు.

భాష సంగతి చెప్పకుండా ముగించలేను. ఈ ఆటగాళ్లలో ఎక్కువమంది ఇంట్లో ఉర్దూ మాట్లాడినవాళ్లు. మనం కర్నూలు, కడప వీధుల్లో ఉర్దూ వింటూనే పెరిగాం. అయినా ఆ భాషలో చెప్పుకున్న బతుకును తెలుగు చరిత్రగా లెక్కించం. తెలుగు కార్మిక కథలో రిక్షా తొక్కే కాలుంది, మగ్గం తొక్కే కాలుంది, బంతి తన్నే కాలు మాత్రం అరుదు. 2024లో రహీం కథ సినిమాగా వచ్చింది, అదీ హిందీలో.

క్యాన్సర్ ముదురుతుండగానే రహీం 1962లో జట్టును జకార్తాకు తీసుకుపోయారు. ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాపై 2-1తో బంగారు పతకం వచ్చింది. 1963 జూన్ 11న ఆయన మరణించారు. జకార్తాకు వెళ్లిన జట్టులో ఆంధ్రప్రదేశ్ పోలీస్ ఆటగాడు యూసుఫ్ ఖాన్ ఉన్నారు. అంతకుముందు 1960 రోమ్ ఒలింపిక్స్‌లోనూ ఆడిన ఆయన 2006లో కన్నుమూశారు.