మర్లబడే పుంజు

మర్లబడే పుంజు అంటే తనను పెంచిన మనుషుల మీదికే ఎగిరి తన్నే, పొడిచే పెరటి కోడిపుంజు. తిరగబడడాన్ని తెలంగాణలో మర్లబడడం అంటారు. నిన్నటిదాకా చేతిలో నూకలు తిన్న పుంజు ఒకనాటి పొద్దున వాకిలి ఊడ్చే మనిషి పిక్కలు పట్టుకుంటే, దానికి ఇంతకన్నా సరైన మాట దొరకదు. వరంగల్, హనుమకొండ శివారు కాలనీల్లోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ ఇంటి వెనక నాలుగు పెట్టలు, ఒక పుంజు ఉండడం ఇప్పటికీ మామూలే. ఇలాంటి పుంజును కొందరు కర్రతో కొట్టి లొంగదీయాలని చూస్తారు, కొందరు భయపడి పెరట్లోకి పోవడమే మానేస్తారు. రెండూ దాన్ని ఇంకా మొండిగా మారుస్తాయి.

ఎందుకు మర్లబడుతుంది

కోళ్ల మందలో ఎవరు ఎవరిని పొడవాలన్నదానికి ఒక వరస ఉంటుంది. నార్వేకు చెందిన థోర్లీఫ్ షెల్డెరుప్-ఎబ్బె చిన్నతనం నుంచే కోళ్లను చూస్తూ, ఏది దేన్ని పొడిచిందో రాసిపెట్టుకుంటూ పెరిగాడు. 1921లో ఆ వరసను శాస్త్రలోకం ముందు పెట్టాడు. పైనున్న కోడి కిందిదాన్ని పొడుస్తుంది, కిందిది తప్పుకుంటుంది, మేత దగ్గరా నిద్ర కొయ్య దగ్గరా అదే క్రమం. మనుషుల మధ్య పెరిగిన పుంజు మనిషిని కూడా ఈ వరసలోనే లెక్కిస్తుంది. దాని కంటికి మనం పెట్టల దగ్గరికి వచ్చే ఇంకో పెద్ద పుంజులం.

పుంజుకు నాలుగైదు నెలలు వచ్చేసరికి నెత్తిన జుట్టు ఎర్రబారుతుంది, కూత గట్టిపడుతుంది. మగతనపు హార్మోను పెరిగేది అప్పుడే, మీదికి రావడం మొదలయ్యేదీ ఎక్కువగా అప్పుడే. పగటి వెలుతురు సాగే కొద్దీ ఆ హార్మోను హెచ్చుతుంది కనుక సంక్రాంతి దాటాక జోరు ఎక్కువవుతుంది. పెట్టలు తక్కువై పుంజులు ఎక్కువైనా ఇదే గొడవ. ఒక పుంజుకు ఎనిమిది నుంచి పది పెట్టలు ఉండాలన్నది పెంపకంలో సాధారణ లెక్క. నాలుగు పెట్టలకు రెండు పుంజులు ఉన్న పెరట్లో పుంజులూ పెట్టలూ మనుషులూ అందరూ నలుగుతారు.

ఒంటరిగా, పిల్లలు ఒళ్లో పెట్టుకుని ఆడించగా పెరిగిన పుంజు పెద్దయ్యాక ఎక్కువగా మీదపడుతుందని పెంపకందారుల అనుభవం. దానికి మనిషంటే బెరుకు ఉండదు. తోటి పుంజుల చేత దెబ్బతిని తగ్గడం నేర్చుకునే అవకాశమూ రాలేదు.

మొక్కు పుంజుల సంగతి వేరు. పోచమ్మకో ఎల్లమ్మకో మొక్కి విడిచిన పుంజును కోయకుండా పండుగ దాకా ఉంచుతారు. మేడారం జాతర రెండేళ్లకు ఒకసారి వస్తుంది. సమ్మక్క, సారలమ్మల మొక్కు కోసం ఉంచిన పుంజు అప్పటికి ముదిరి, కాలి ముల్లు పొడవుగా పెరిగి, పెరడంతా తనదేనన్నట్టు తిరుగుతుంది. దేవతదన్న భక్తితో దాన్ని ఎవరూ అదలించరు కూడా.

పందెం జాతి, పెరటి పుంజు

పౌరుషమనగానే అందరికీ గుర్తొచ్చేది అసీల్. తెలుగు నేలకూ ఛత్తీస్‌గఢ్, ఒడిశాలకూ చెందిన ఈ జాతి పుంజు నాలుగు కిలోల దాకా తూగుతుంది. డేగ, కాకి, నెమలి, సేతువ అని ఈకల రంగును బట్టి పేర్లు పెట్టి, ఏ రంగుది ఏ రోజు గెలుస్తుందో చెప్పే కుక్కుట శాస్త్రం కూడా ప్రచారంలో ఉంది. పల్నాటి కథలో బ్రహ్మనాయుడు, నాగమ్మల వైరం ముదిరింది కోడిపందెంతోనే. ఇంత పేరున్న జాతి కనుక మనుషుల మీద కూడా ఇదే ఎక్కువ పడుతుందని అనుకుంటారు. తరచూ జరిగేది దీనికి తలకిందులు. తోటి పుంజును చూస్తే ప్రాణం లెక్కచేయని అసీల్, పెంచే మనిషి చంకలో పిల్లిలా కూర్చుంటుంది. చిన్ననాటి నుంచి రోజూ దాన్ని చేతుల్లోకి తీసుకుంటారు, ఒళ్లు నిమురుతారు, నీళ్లలో ఈత కొట్టిస్తారు. మనిషి మీద పడేదాన్ని తరతరాలుగా విత్తనానికి ఉంచుకోలేదు. రక్తంలో ఎంత పోట్లాట ఉన్నా మనిషి చేతికి అలవాటు పడడం వేరే సంగతని ఈ జాతి చూపిస్తుంది. పెరటి పుంజును దారికి తెచ్చుకోవడానికి ఆధారం కూడా ఇదే.

మీదికి వచ్చే ముందు

ఏ పుంజూ ఒక్కసారిగా ఎగరదు. ముందు ఒక రెక్క దించి పక్కవాటుగా అడుగులేస్తూ మన చుట్టూ తిరుగుతుంది. మేత లేకున్నా నేలను పొడుస్తూ, ఓరకంట మనల్నే చూస్తుంది. మెడ ఈకలు గొడుగులా విచ్చుకుంటాయి. ఆ తర్వాతే రెండు కాళ్లూ ముందుకు చాచి ఎగురుతుంది. వెనుదిరిగిన మనిషి మీద పడడం దానికి మరీ సులువు. మంచి పుంజుకూ మర్లబడేదానికీ తేడా మేత దగ్గర తెలుస్తుంది. మంచి పుంజు గింజ దొరికితే తాను మింగకుండా టుక్ టుక్ మని పెట్టలను పిలుస్తుంది. గద్ద కనబడితే ఒక రకంగా, కుక్క కనబడితే మరో రకంగా అరిచి మందను కాస్తుంది. ఆ కాపలా గుణమే హద్దు దాటితే మనిషి మీదికి వస్తుంది.

దారికి తేవడం

పుంజు లెక్క సూటిగా ఉంటుంది: ఎదుటివాడు పారిపోతే తాను గెలిచినట్టు, ఎదురు కొడితే పోరు మొదలైనట్టు. కాలితో తన్నితే పోరుకు ఒప్పుకున్నట్టే. దానికి కాళ్లో రెక్కలో విరిగే ప్రమాదమూ ఉంది. అందుకే పరుగెత్తకుండా, కొట్టకుండా నిలబడాలి. చాటో, గంపో, బక్కెట్ మూతో మోకాళ్ల ముందు అడ్డంగా పట్టుకుని దానివైపే మెల్లగా నడవాలి. అది పక్కకు తప్పుకుని వేరే పనిలో పడే దాకా ఆగి, అప్పుడు మన దారిన పోవాలి. రోజూ ఇంట్లో అందరూ ఒకే తీరుగా చేయాలి. ఒకరు నిలబడి ఇంకొకరు ఉరికితే అది ఉరికే మనిషిని గుర్తుపెట్టుకుంటుంది.

రెండో పని ఎత్తుకోవడం. చీకట్లో కోళ్లకు కళ్లు సరిగా కనబడవు కనుక రాత్రి గూట్లో పట్టుకోవడం తేలిక. రెక్కలు ఒంటికి అదిమి, కాళ్లు చేత్తో పట్టి, చంకలో పెట్టుకుని పది నిమిషాలు తిప్పాలి, గింజుకోవడం ఆగాకే దించాలి. కొన్ని వారాలు ఇలా చేస్తే చాలా పుంజులు మెత్తబడతాయి. ఈలోగా దాని కళ్ల ముందు పెట్టలను పట్టకూడదు. పెట్ట అరుపు దాన్ని వెంటనే రేపుతుంది. గుడ్లు తీయడం, గూడు ఊడ్వడం వంటివి పుంజును గంప కింద కమ్మాక చేసుకుంటే మేలు.

కాలి ముల్లు మొనను ఆకురాయితో మొద్దుబార్చవచ్చు. పైది గోరులాంటి తొడుగే, లోపల మాత్రం నెత్తురు పారే ఎముక ఉంటుంది. మొదలంటా కోస్తే రక్తం ఆగదు, కాబట్టి కత్తి పట్టేకన్నా పశువైద్యుడికి చూపించడమే మంచిది. వరంగల్ దగ్గరి మామునూరులో పశువైద్య కళాశాల, కృషి విజ్ఞాన కేంద్రం రెండూ ఉన్నాయి.

గాయమైతే

ఐదేళ్ల లోపు పిల్లల ముఖం పుంజు ఎగిరే ఎత్తులోనే ఉంటుంది. కంటికి తగిలితే చూపుకే ముప్పు. మర్లబడే పుంజు ఉన్న పెరట్లోకి చిన్నపిల్లలను ఒంటరిగా పంపకూడదు, ఈ విషయంలో మొహమాటం పనికిరాదు. పెద్దవాళ్లకూ ప్రమాదం లేకపోలేదు. దక్షిణ ఆస్ట్రేలియాలో 76 ఏళ్ల మహిళ గుడ్లు ఏరుతుండగా పుంజు కాలి ఉబ్బునరాన్ని పొడిచింది, రక్తం పోయి ఆమె చనిపోయిందని 2019లో వైద్య పత్రికలో వచ్చింది. గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్లతో కడగాలి. ముల్లు మట్టిలో తిరిగేది కనుక టీటీ సూది ఎప్పుడు వేయించుకున్నామో చూసుకోవాలి. రేబిస్ పాలిచ్చే జంతువుల జబ్బు, కోడి పోటుతో ఆ భయం అక్కర్లేదు.

ఉంచాలా, తీసేయాలా

గుడ్లు మాత్రమే కావాలనుకునే ఇంటికి పుంజే అవసరం లేదు. పుంజు లేకున్నా పెట్టలు గుడ్లు పెడతాయి, ఆ గుడ్లు పిల్లలు కావు అంతే. కోడిపిల్లలు కావాలంటే మెతక గుణమున్న పుంజును విత్తనానికి ఉంచుకోవాలి. మనిషి మీద పడే గుణం పిల్లలకు దిగుతుంది కాబట్టి మర్లబడేదాని గుడ్లు పొదగేయకపోవడం మంచిది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకానికే తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ వంటి రకాల నుంచి కొత్త పుంజును తెచ్చుకోవచ్చు.

ఎంత చేసినా మారని పుంజును వేరే దొడ్లో ఒంటరిగా ఉంచడమో, కూరకు కోయడమో చేస్తారు. అందులో తప్పేమీ లేదు. పిల్లలున్న ఇంట్లో రోజూ గాయాలకన్నా అదే నయం. పౌరుషమున్న పుంజని పందెగాళ్లకు మాత్రం అమ్మకూడదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం కోళ్లను పోట్లాడించడం నేరం. 2021 ఫిబ్రవరిలో జగిత్యాల జిల్లా గొల్లపల్లి మండలం లొత్తునూరులో పందేనికి కాలికి కత్తి కట్టిన పుంజు చేతిలోంచి విదిలించుకోబోయింది. కత్తి దిగి, పట్టుకున్న మనిషి ప్రాణాలు పోయాయి. ఆ పుంజును పోలీసులు గొల్లపల్లి స్టేషన్‌కు తీసుకెళ్లి, గింజలు, నీళ్లు పెట్టి, తర్వాత కోళ్ల ఫారానికి పంపారు.