దామగుండం అడవిలో నౌకాదళం

తాండూరు బండ పరవని పాత ఇల్లు తెలంగాణలో అరుదు. ఆ నాపరాయి కోట్ల ఏళ్ల కిందట సముద్రం అడుగున పేరుకున్న సున్నపు బురదే. ఆ కడలి ఎన్నడో వెనక్కి పోయింది. ఇవాళ తాండూరు, వికారాబాద్‌ల నుంచి ఏ దిక్కున పోయినా ఉప్పునీరు వందల కిలోమీటర్ల దూరం. అలాంటి చోట, పూడూరు మండలంలోని దామగుండం అడవిలో, 2024 అక్టోబరు 15న రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ నౌకాదళ కేంద్రానికి శంకుస్థాపన చేశారు. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి పక్కనే ఉన్నారు. కంది చేల నడుమ నేవీకి ఏం పని అని జనం అడిగారు. అడగాల్సిన మాటే.

జవాబు జలాంతర్గాముల్లో ఉంది, దాని కోసం ముందు విశాఖపట్నం పోవాలి. 1960ల మొదట్లో మన దేశానికి జలాంతర్గామి లేదు, దాన్ని నడపగల మనిషీ లేడు. మన నావికులు మొదట బ్రిటన్‌లో, తరువాత సోవియట్ యూనియన్‌లో శిక్షణ పొందారు. యంత్రంతో పాటు రష్యన్ భాషా నేర్వాల్సి వచ్చింది. 1967 డిసెంబరు 8న రీగా రేవులో మొదటి జలాంతర్గామి ఐఎన్ఎస్ కల్వరి మన జెండా ఎత్తింది. మరుసటి ఏడాది విశాఖ చేరింది. ఆర్కే బీచ్‌లో పిల్లలు టికెట్ కొనుక్కుని ఎక్కి దిగే జలాంతర్గామి కురుసుర 1969 డిసెంబరులో నౌకాదళంలో చేరింది, 2001లో సెలవు తీసుకుంది.

పడవ కొనడం ఒక ఖర్చు. మనిషిని తయారుచేయడం మరో ఖర్చు, అదీ ఎప్పటికీ తెగని ఖర్చు. ప్రతిసారీ పరాయి దేశం పంపి చదివించలేం కదా. 1974లో విశాఖలో ఐఎన్ఎస్ శాతవాహన అనే శిక్షణ కేంద్రం అందుకే వెలిసింది. నాణేల మీద రెండు తెరచాపల ఓడను ముద్రించిన రాజవంశం పేరు పెట్టడం బాగుంది. మన నౌకాదళం పేర్ల ఎంపికలో ఎవరో చరిత్ర చదివినవాళ్లు ఉండి ఉండాలి.

అక్కడి పరికరాలు కాలంతో మారక తప్పదు. సోవియట్ పడవల కోసం కట్టిన తరగతి గది కొత్త తరం జలాంతర్గాములకు చాలదు. 2024 సెప్టెంబరులో అక్కడే ‘వినేత్ర’ అనే శిక్షణ సదుపాయం మొదలైంది. అయిదు మీటర్ల టవర్, దానికి ఆనుకుని ఈత కొలను. మునిగిపోయి కదలలేని కొత్త కల్వరి తరగతి జలాంతర్గామిలో నుంచి బయటపడి నీటి పైకి ఎలా రావాలో అక్కడ నేర్పుతారు. నిర్మించింది ఎల్ అండ్ టీ. పత్రికల్లో దీనికి దక్కిన చోటు కొత్త ఓడల ప్రారంభాలకు దక్కేదానిలో పదోవంతు ఉండదు. ఎప్పుడో ఒకనాడు పదుల మంది ప్రాణాలు నిలబెట్టేది మాత్రం ఇలాంటి కొలనే.

ఇక దామగుండం. ఊళ్లో అందరూ రాడార్ స్టేషన్ అంటున్నారు గానీ, అది దేన్నీ కనిపెట్టదు. నీటి అడుగున ఉన్న జలాంతర్గాములకు కబురు పంపుతుంది, అంతే. మామూలు రేడియో తరంగాలు ఉప్పునీటిలో అడుగు పెట్టగానే చచ్చిపోతాయి. 3 నుంచి 30 కిలోహెర్ట్జ్ మధ్య ఉండే అతి తక్కువ పౌనఃపున్యపు తరంగాలు మాత్రం పది, ఇరవై మీటర్ల లోతుకు దిగగలవు. జలాంతర్గామి పైకి తేలకుండా, వెనక ఓ పొడవాటి తీగ వదిలి వాటిని అందుకుంటుంది. తిరిగి ఆ దారిన బదులివ్వలేదు. మాటలు వినిపించవు, నెమ్మదిగా అక్షరాలు మాత్రమే వస్తాయి. ఆ కొద్ది అక్షరాలను తప్పులేకుండా విప్పుకోవడమూ శిక్షణలో భాగమే.

ఇంత చిన్న కబురుకు అంత నేల దేనికి? 15 కిలోహెర్ట్జ్ తరంగం పొడవు 20 కిలోమీటర్లు. దానికి సరిపడా స్తంభం కట్టడం ఎవరి తరమూ కాదు. కాబట్టి వందల మీటర్ల ఎత్తు స్తంభాలు నిలిపి, పైన గొడుగులా తీగలు పరిచి, కింద నేలలో రాగి తీగల వల పాతుతారు. జర్మనీ 1943లో ఇలాగే కట్టింది, అమెరికా 1961లో మెయిన్ రాష్ట్రంలో కట్టింది. మన మొదటిది తిరునల్వేలి దగ్గర 1990లో వచ్చిన ఐఎన్ఎస్ కట్టబొమ్మన్. దామగుండం రెండోది. సముద్రంలో అణుక్షిపణులు మోసే జలాంతర్గాములు ఉన్న దేశం ఒకే స్తంభాల గుంపును నమ్ముకుని కూర్చోలేదు.

ఈ స్థలం మీద నేవీ కన్ను 2010లోనే పడింది. అటవీ భూమి సుమారు 2,900 ఎకరాలు 2024 జనవరిలో చేతులు మారింది. అడవికి పరిహారంగా 133 కోట్ల రూపాయలకు పైగా కట్టారు, ఈ నౌకాదళ కేంద్రం మొత్తం ఖర్చు సుమారు 3,200 కోట్లు. మూసీ నది అనంతగిరి కొండల్లో పుట్టి ఈ చుట్టుపక్కల గుట్టల నీటిని తాగి పెరుగుతుంది. చెట్లు పోతే నది ఏమవుతుందన్న పర్యావరణవాదుల భయం దేశద్రోహం కాదు. అడవిలోని రామలింగేశ్వరుడి గుడికి దారి మూయబోమని నేవీ చెప్పింది. నరికిన చెట్లకు బదులు మొక్కలు నాటే మాట కూడా చెప్పింది.

దేశ రక్షణకు ఈ కేంద్రం అవసరమే అని నా అభిప్రాయం. అవసరమైన పని కాబట్టి లెక్క అడగకూడదంటే ఒప్పుకోను. ఏ స్తంభం ఎంత ఎత్తో ఎవరూ చెప్పనక్కరలేదు, అది రహస్యమే కానివ్వండి. కానీ ఆ 133 కోట్లతో ఎక్కడ, ఎన్ని మొక్కలు నాటారు, వాటిలో ఎన్ని బతికాయి అన్నది ఏటా పూడూరు మండల కార్యాలయం గోడ మీద అతికించాలి. ఆ కేంద్రంలో ఎలక్ట్రీషియన్, వెల్డర్ పనులకు వికారాబాద్, తాండూరు, పరిగి ఐటీఐ పిల్లలను ముందుగా పిలవాలి. ఈ రెండూ అడగాల్సింది మన ఎమ్మెల్యేలనూ, ఎంపీనీ. అడగండి.